మీ కాల్ రికార్డవుతోంది సరే.. మీ గొంతు నుంచి కంప్యూటర్ ఏమేం కొలుస్తుంది?

‘ఈ కాల్ నాణ్యత, శిక్షణ అవసరాల కోసం రికార్డు చేయబడుతుంది’. బ్యాంకుకు ఫోన్ చేసినా, గ్యాస్ ఏజెన్సీకి చేసినా, ఏదో ఒక హెల్ప్‌లైన్‌కు చేసినా ముందుగా వినిపించే మాట ఇదే. మనం దాన్ని పెద్దగా పట్టించుకోం. తెలుగు కోసం ఒకటి నొక్కాలా, రెండు నొక్కాలా అన్నదే చూసుకుంటాం.

అలా రికార్డయిన మాటలు ఒకప్పుడు సర్వర్లలో మూలన పడి ఉండేవి. ఏదైనా గొడవ జరిగితే తప్ప వాటిని తీసి వినే తీరిక ఎవరికీ ఉండేది కాదు. ఇప్పుడు మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతోంది. దానికి ఇంకొంత కోడ్ జోడిస్తే, మీరు ఏం మాట్లాడారన్నదే కాదు, ఎలా మాట్లాడారన్నది కూడా అంకెల్లోకి వచ్చేస్తుంది. ఎంతసేపు ఆగారు, ఎంత వేగంగా చెప్పారు, గొంతు ఎంత పెంచారు, ఎవరి మాటకు ఎవరు అడ్డొచ్చారు.. ఇవన్నీ. దీన్నే ఆడియో అనలిటిక్స్ అంటున్నారు.

విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు రెండు కాల్స్ వచ్చాయనుకుందాం. మొదట ఒక యువకుడు చేశాడు. ‘స్తంభం దగ్గర వైరు తెగి పడింది, పిల్లలు ఆడుకునే చోటు, తొందరగా మనిషిని పంపండి’ అని గట్టిగా, గబగబా చెప్పాడు. రెండో కాల్ ఒక పెద్దావిడది. చెప్పిన మాటలు అవే. కాకపోతే మెల్లగా, ఆగి ఆగి, మధ్యలో దగ్గుతూ చెప్పింది. అక్షరాల్లోకి మార్చితే రెండూ ఒకేలా ఉంటాయి. కానీ ‘గొంతులో ఆందోళన ఎంత’ అని స్కోరు వేసే ప్రోగ్రామ్ ఉంటే, మొదటి కాల్‌ను పైన, రెండోదాన్ని కింద పెట్టే ప్రమాదం ఉంది. తెగిన వైరు మాత్రం రెండు చోట్లా ఒకటే.

అందుకే ఈ కొలతలు ఎలా పుడతాయి, వాటిలో దేన్ని నమ్మొచ్చు, దేన్ని నమ్మకూడదు అన్నది ఫోన్ చేసే ప్రతి ఒక్కరికీ తెలియాల్సిన విషయం.

గొంతు అంకెగా ఎలా మారుతుంది?

శబ్దం అంటే గాలిలో కదలిక. ఆ కదలికను కంప్యూటర్ సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి, ప్రతి కొలతను ఒక అంకెగా రాసుకుంటుంది. సాధారణ ఫోన్ కాల్‌లో సెకనుకు 8,000 కొలతలు ఉంటాయి. అంటే ఒక్క నిమిషం మాట్లాడితే 4,80,000 అంకెలు. ట్రాన్‌స్క్రిప్ట్ తయారయ్యేదీ, మీ మాట వేగం తెలిసేదీ, గొంతు హెచ్చుతగ్గులు తేలేదీ ఈ అంకెల వరుస నుంచే.

ఈ వరుసను ఒకేసారి చదవలేరు కాబట్టి చిన్న చిన్న ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్క సాధారణంగా 25 మిల్లీసెకన్లు. 10 మిల్లీసెకన్లకోసారి కొత్త ముక్క మొదలవుతుంది. ప్రతి ముక్కలో శబ్దం ఎంత బలంగా ఉంది, ఏయే పౌనఃపున్యాలు ఎంతెంత ఉన్నాయి అని లెక్కగడతారు. ఆ లెక్కలను పక్కపక్కన పేరిస్తే గొంతుకు ఒక పటం తయారవుతుంది. ట్రాన్‌స్క్రిప్షన్ మోడల్ చదివేది ఆ పటాన్నే.

ఓపెన్ఏఐ సంస్థ 2022 సెప్టెంబరులో విడుదల చేసిన ‘విస్పర్’ ఇలాంటి మోడలే. కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. మన దేశంలో ఐఐటీ మద్రాస్‌లోని ‘ఏఐ4భారత్’ బృందం భారతీయ భాషల కోసం మోడళ్లను తయారుచేసి ఉచితంగా ఇస్తోంది. కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో ప్రారంభించిన ‘భాషిణి’ కూడా మాటను అక్షరాలుగా మార్చే సేవలను అందిస్తోంది. కాబట్టి తెలుగు కాల్స్‌ను అక్షరాల్లోకి మార్చడం ఇప్పుడు పెద్ద కంపెనీలకే పరిమితమైన పని కాదు. ఓ చిన్న బృందం కూడా చేయగలదు.

కోడ్‌లో కొత్త కొలతలను ఎక్కడ చేర్చాలి?

ఇక్కడే చాలామంది మొదటి తప్పు చేస్తారు. ట్రాన్‌స్క్రిప్ట్ వచ్చాక దాని మీద లెక్కలు వేద్దామనుకుంటారు. నిజానికి కొన్ని కొలతలు ట్రాన్‌స్క్రిప్షన్ మొదలుకాకముందే తీసుకోవాలి. లేకపోతే అవి మళ్లీ దొరకవు.

చాలా కాల్ సెంటర్లలో రికార్డింగ్ రెండు చానెళ్లలో జరుగుతుంది. ఒక చానెల్‌లో ఫోన్ చేసినవారి గొంతు, రెండోదాంట్లో సిబ్బంది గొంతు. ఎవరు మాట్లాడారో తెలుసుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. కానీ విస్పర్ లాంటి ప్రోగ్రామ్ ఫైలును తెరిచేటప్పుడే రెండు చానెళ్లనూ కలిపి ఒకటి చేసేస్తుంది. దానికి కావాల్సింది మాటలే కాబట్టి అది తప్పేం కాదు. అయితే ఆ తర్వాత ‘ఎవరు ఎవరికి అడ్డొచ్చారు’ అని లెక్కగట్టాలంటే, కలిసిపోయిన గొంతులను మళ్లీ విడదీయాలి. వంట అయ్యాక పులుసులోంచి ఉప్పు తీయమన్నట్టే ఉంటుంది ఆ పని.

అందుకే పని వరుస ఇలా ఉంటే మంచిది.

1. అసలు ఫైలును ముట్టుకోకుండా దాచాలి. ఎన్ని చానెళ్లు ఉన్నాయో చూడాలి.

2. ప్రతి చానెల్‌లో విడివిడిగా శబ్దం బలం, గరగర, శబ్దం ఎక్కువై పగిలిపోయిన చోట్లు కొలవాలి.

3. మాట ఎక్కడుంది, నిశ్శబ్దం ఎక్కడుంది అని గుర్తించాలి. దీనికి ‘సిలెరో’ లాంటి చిన్న ఉచిత మోడళ్లు ఉన్నాయి.

4. ఆ తర్వాతే మాటను అక్షరాల్లోకి మార్చాలి. ప్రతి మాట ఏ క్షణంలో మొదలై ఏ క్షణంలో ముగిసిందో సమయం కూడా అడగాలి.

5. మాటల సమయాలనూ, గొంతు కొలతలనూ ఒకే కాలరేఖ మీద పక్కపక్కన పెట్టాలి.

రికార్డింగ్ ఒకే చానెల్‌లో ఉంటే మాత్రం ఎవరి మాట ఏదో విడదీసే వేరే మోడల్ కావాలి. ‘పయానోట్’ లాంటివి ఈ పనిచేస్తాయి. అవి ‘వక్త 1, వక్త 2’ అని మాత్రమే చెబుతాయి. ఆ మనిషి ఫలానా అని చెప్పవు. గొంతును బట్టి మనిషిని గుర్తుపట్టడం పూర్తిగా వేరే పని. వేలిముద్రలాగే గొంతుముద్ర కూడా మనిషికి గుర్తే. ఫిర్యాదు తీసుకోవడానికి దాని అవసరం లేదు.

ఏ కొలత ఏం చెబుతుంది?

నిశ్శబ్దం: కాల్‌లో ఎంతసేపు ఎవరూ మాట్లాడలేదన్నది తేలిగ్గా, కచ్చితంగా తెలిసే కొలత. సిబ్బంది మిమ్మల్ని ఎంతసేపు వేచి ఉంచారో దీన్నిబట్టి తెలుస్తుంది. కానీ ఆ నిశ్శబ్దం ఎవరివల్ల వచ్చిందో అంకె చెప్పదు. సిబ్బంది బద్ధకం కావచ్చు. ఆఫీసు కంప్యూటర్‌లో మీ సర్వీసు నంబరు తెరుచుకోకపోవడం కావచ్చు. ఈ తేడా చూడకుండా నిశ్శబ్దానికి మార్కులు కోస్తే, నెట్‌వర్క్ చేసిన తప్పుకు ఉద్యోగి జీతం బలవుతుంది.

అడ్డుమాటలు: ఇద్దరూ ఒకేసారి మాట్లాడిన సమయం. రెండు చానెళ్లుంటే ఇదీ కచ్చితంగానే తెలుస్తుంది. కానీ మన మాటల్లో ‘ఆఁ.. ఆఁ’, ‘అవునండి’, ‘చెప్పండి’ అంటూ ఊకొట్టడం మామూలు. అది అడ్డుకోవడం కాదు, వింటున్నానని చెప్పడం. అర సెకను కూడా లేని ఇలాంటి ఊకొట్టులను లెక్కలోంచి తీసేయకపోతే, మర్యాదగా వినేవారే మొరటువారిగా తేలతారు.

శబ్దం బలం: ఇది గొంతు ఎంత పెద్దదో కాదు, మైకుకు ఎంత వినిపించిందో చెబుతుంది. ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుంటే ఒకలా, స్పీకర్ ఆన్ చేసి బల్ల మీద పెడితే ఇంకోలా ఉంటుంది. ఇద్దరు మనుషులను దీంతో పోల్చకూడదు. ఒకే కాల్‌లో మొదట్లో ఎలా ఉంది, చివర్లో ఎలా ఉంది అని పోల్చడానికైతే కొంత పనికొస్తుంది.

పిచ్: గొంతు సన్నగా ఉందా, బొంగురుగా ఉందా అన్న కొలత. మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తాయో అదే పిచ్. పెద్దవాళ్లలో మగవారికి సుమారు 85 నుంచి 180, ఆడవారికి సుమారు 165 నుంచి 255 దాకా ఉంటుంది. ఇక్కడో తమాషా ఉంది. పాతకాలపు ఫోన్ లైన్లు దాదాపు 300 కన్నా తక్కువ పౌనఃపున్యాలను దాటనివ్వవు. అంటే అసలు పిచ్ ఉన్న భాగమే అవతలికి వెళ్లదు. అయినా మనకు గొంతు తేడా తెలుస్తుంది. పైన మిగిలిన స్వరాల మధ్య ఎడాన్ని బట్టి మన చెవి దాన్ని ఊహించుకుంటుంది. సాఫ్ట్‌వేర్ చేసేదీ అదే. కాబట్టి ఫోన్ కాల్‌లో పిచ్ చాలాసార్లు నేరుగా దొరికిన కొలత కాదు, లెక్కగట్టిన అంచనా. లైన్‌లో గరగర ఉంటే ఆ అంచనా రెట్టింపుకో, సగానికో తప్పుతుంది.

తెలుగుకు వచ్చేసరికి చిక్కేంటి?

ఇంగ్లీషు కోసం రాసిన కోడ్‌ను యథాతథంగా తెచ్చి తెలుగుకు పెడితే మూడు చోట్ల దెబ్బతింటుంది.

మొదటిది మాట వేగం. ఇంగ్లీషులో నిమిషానికి ఎన్ని మాటలు అని లెక్కేస్తారు. ‘రాలేకపోతున్నానండి’ అన్నది మనకు ఒకే మాట. అందులో 8 అక్షరాలున్నాయి. ‘నీళ్ళు రావు, కరెంటు లేదు’ అంటే 4 మాటలు, 9 అక్షరాలు. రెండూ పలకడానికి పట్టే సమయం ఇంచుమించు ఒకటే. మాటలు లెక్కపెడితే మాత్రం రెండోవారు నాలుగింతల వేగంగా మాట్లాడినట్టు వస్తుంది. తెలుగుకు సెకనుకు ఎన్ని అక్షరాలు పలికారన్నదే సరైన లెక్క.

రెండోది తప్పుల లెక్క. ట్రాన్‌స్క్రిప్షన్ ఎంత బాగుందో చూడటానికి ఎన్ని మాటలు తప్పాయో లెక్కగడతారు. అసలు మాట ‘వచ్చేసరికి’ అయితే, యంత్రం ‘వచ్చే సరికి’ అని విడదీసి రాసిందనుకుందాం. వినడంలో తప్పేం లేదు. లెక్కలో మాత్రం ఒక మాట మారింది, ఒక మాట అదనంగా వచ్చింది, కాబట్టి రెండు తప్పులు. సంధులూ, విడదీతలూ ఇంత స్వేచ్ఛగా ఉండే భాషలో మాటల తప్పులతో పాటు అక్షరాల తప్పులను కూడా విడిగా చూడాలి. లేదంటే మంచి మోడల్‌ను చెడ్డదనుకుని పక్కన పెట్టేస్తాం.

మూడోది యాస. కరెంటు ఫిర్యాదులను ఏరడానికి ప్రోగ్రామ్‌కు ‘కరెంటు రావడం లేదు’ అన్న మాటలు మాత్రమే ఇచ్చారనుకుందాం. వరంగల్‌లో ‘కరెంటు వస్తలేదు’ అంటారు. విజయవాడలో ‘కరెంటు రావట్లేదు’ అంటారు. ‘కరెంటు పోయింది’ అనేవారు అంతటా ఉంటారు. ‘పవర్ కట్ అయింది’ అనేవారూ తక్కువేం కాదు. పుస్తకాల తెలుగు ఒక్కటే నేర్చుకున్న ప్రోగ్రామ్‌కు ఇందులో చాలా ఫిర్యాదులు కనిపించనే కనిపించవు. ఆ నెల నివేదికలో ఫలానా జిల్లాలో సమస్యలు తక్కువ అని వస్తుంది. నిజానికి తక్కువైంది సమస్యలు కాదు, వాళ్ల మాట అర్థం చేసుకునే తెలివి.

అనని మాట యంత్రం రాస్తే?

ఇది అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. మోడల్‌కు మాట సరిగా వినిపించకపోతే ఖాళీ వదలదు. వరుసలో తర్వాత ఏ మాట రావచ్చో ఊహించి రాసేస్తుంది. విస్పర్ మీద అమెరికా పరిశోధకులు చేసిన అధ్యయనం 2024లో వెలువడింది. అందులో దాదాపు 1 శాతం ఆడియో ముక్కల్లో అసలు ఎవరూ అనని వాక్యాలు కనిపించాయి. అలాంటి వాటిలో 38 శాతం వరకు హింస గురించో, లేని సంబంధాల గురించో ప్రస్తావిస్తూ హాని చేసే రకంగా ఉన్నాయి. పక్షవాతం లాంటి కారణాలతో మాట దెబ్బతిన్నవారు మధ్యలో ఎక్కువసేపు ఆగుతారు. అలా మాట లేని సమయం ఎక్కువగా ఉన్న రికార్డింగుల్లోనే ఈ బెడద కూడా ఎక్కువగా ఉందని తేలింది.

ఒక శాతమే కదా అనిపించవచ్చు. రోజుకు 10,000 ముక్కలను అక్షరాల్లోకి మార్చే చోట ఒక శాతం అంటే 100. అందులో ఒకటి మీ ఫిర్యాదు కావచ్చు.

ఆడియో అనలిటిక్స్ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. ఒక చోట మూడు సెకన్లు ఎవరూ మాట్లాడలేదని శబ్దం కొలత చెబుతోంది. ట్రాన్‌స్క్రిప్ట్‌లో మాత్రం అదే చోట ఓ పూర్తి వాక్యం ఉంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టే కోడ్ ఉంటే, అబద్ధం వెంటనే దొరికిపోతుంది. అలాగే రెండు సెకన్లలో 40 అక్షరాలు పలికినట్టు ఉంటే, అంత వేగంగా మనిషి మాట్లాడలేడు కాబట్టి అక్కడా అనుమానించాలి.

విస్పర్ తనంతట తానే ప్రతి ముక్కకు మూడు అంకెలిస్తుంది. రాసిన మాటల మీద దానికెంత నమ్మకం ఉందన్నది ఒకటి. అక్కడ అసలు మాటే లేకపోయే అవకాశం ఎంతన్నది రెండోది. ఒకే మాటను మళ్లీ మళ్లీ రాసిందేమో పట్టుకునే అంకె మూడోది. చాలామంది ట్రాన్‌స్క్రిప్ట్ తీసుకుని ఈ అంకెలను పారేస్తారు. దాచుకోవాల్సింది వాటినే.

మూడో అంకె విషయంలో తెలుగుకు ఇంకో మెలిక ఉంది. రాసిన వాక్యాన్ని కుదించి, ఎంత చిన్నదైందో చూస్తారు. ఒకే మాట పదిసార్లు ఉంటే బాగా కుదించుకుపోతుంది. 2.4 రెట్లకు మించి కుదిస్తే అనుమానించాలన్నది ప్రోగ్రామ్‌లో ముందే పెట్టిన హద్దు. అయితే కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు కావాలి. ఆ మూడింటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోదానికి రెండే విలువలు. అంటే మామూలు తెలుగు వాక్యం కూడా ఇంగ్లీషు కన్నా తేలిగ్గా కుదించుకుపోతుంది. హద్దు దాటిందనుకుని ప్రోగ్రామ్ అదే ముక్కను ఇంకాస్త ఊహ జోడించి మళ్లీ రాస్తుంది. బాగున్న వాక్యం అలా చెడిపోవచ్చు. తెలుగు కాల్స్‌తో పరీక్షించి ఈ హద్దును మార్చుకోవడం రెండు వరుసల పని. చేయకపోతే నష్టం మాత్రం పెద్దది.

గొంతులో కోపాన్ని కొలవొచ్చా?

శబ్దం బలం, పిచ్, వేగం అన్నీ చేతిలో ఉన్నాక తర్వాతి అడుగు వేయాలనిపిస్తుంది. వీటిని కలిపి ‘కోపం 82 శాతం’, ‘ఆందోళన 30 శాతం’ అని చూపిస్తే బాగుంటుంది కదా? తెర మీద చూడటానికి బాగానే ఉంటుంది. కానీ ఆ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో తెలుసుకోవాలి.

ఇలాంటి మోడళ్లకు శిక్షణ ఇవ్వాలంటే, ఇది కోపం, ఇది భయం అని ముందే గుర్తులు పెట్టిన రికార్డింగులు కావాలి. ప్రపంచంలో ఎక్కువగా వాడే వాటిలో ఒకటి ‘రావ్‌డెస్’. ఉత్తర అమెరికా యాసలో మాట్లాడే 24 మంది నటులు రెండే వాక్యాలను రకరకాల భావాలతో పలికిన సంకలనం అది. తెలుగుకూ ఇలాంటిది ఒకటుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2009లో ప్రకటించారు. ఆకాశవాణి విజయవాడ కేంద్రానికి చెందిన పది మంది అనుభవజ్ఞులైన కళాకారులు, 15 తెలుగు వాక్యాలను 8 భావాలతో పలికారు. మొత్తం 12,000 వాక్యాల రికార్డింగులు. పరిశోధనకు అది విలువైన సంపద.

కానీ రేడియో నాటక కళాకారుడి కోపం, విననివాళ్లకు కూడా వినిపించేలా పలికిన కోపం. మూడు రోజులుగా నీళ్లు రాక, నాలుగోసారి ఫోన్ చేసిన ఇల్లాలి కోపం అలా ఉండదు. ఒక్కోసారి గొంతు ఇంకా తగ్గిపోతుంది. మాటలు పొడిపొడిగా వస్తాయి. కొందరు ఎప్పుడూ గట్టిగానే మాట్లాడతారు. చెవి సరిగా వినపడనివారు ఇంకా గట్టిగా మాట్లాడతారు. స్టూడియోలో నేర్చుకున్న మోడల్‌కు ఈ తేడాలు తెలియవు. అది కొలిచేది శబ్దాన్ని. పేరు పెట్టేది మనసుకు. ఆ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని అంకె దాచేస్తుంది.

ఐరోపా సమాఖ్య ఈ విషయంలో గీత గీసింది. అక్కడి ఏఐ చట్టం ప్రకారం పనిచేసే చోట, విద్యాసంస్థల్లో గొంతు లాంటి శరీర లక్షణాల నుంచి మనుషుల భావోద్వేగాలను ఊహించే వ్యవస్థలు 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషిద్ధం. వైద్యం, భద్రత అవసరాలకు మాత్రమే మినహాయింపు. కాల్ సెంటర్ ఉద్యోగి గొంతులో కోపాన్ని వెతికే సాఫ్ట్‌వేర్ ఆ నిషేధం కిందికి వస్తుంది. ఫోన్ చేసిన వినియోగదారుల విషయంలో అదే నిషేధం లేదు.

అత్యవసర కాల్స్‌లో ఫలితం ఎలా ఉంది?

108, 112 లాంటి సేవల్లో ప్రతి సెకనూ విలువైనదే. మరి అక్కడైనా యంత్రం సాయం చేయదా అన్న ప్రశ్న సహజం. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో దీన్ని నిజమైన కాల్స్ మీదే పరీక్షించారు. ఫోన్ చేసినవారి మాటలను కంప్యూటర్ వింటూ, అవతల గుండె ఆగిపోయిన రోగి ఉన్నట్టు అనిపిస్తే సిబ్బందికి హెచ్చరిక ఇచ్చేది. సగం కాల్స్‌కు హెచ్చరిక చూపించారు, సగానికి చూపించలేదు.

2021లో ‘జామా నెట్‌వర్క్ ఓపెన్’ పత్రికలో ఫలితాలు వచ్చాయి. హెచ్చరిక చూసిన సిబ్బంది 93.1 శాతం గుండె ఆగిపోయిన కేసులను గుర్తించారు. చూడనివారు 90.5 శాతం గుర్తించారు. గణాంకాల ప్రకారం ఇది చెప్పుకోదగ్గ తేడా కాదు. తెర మీద హెచ్చరిక వచ్చినంత మాత్రాన మనిషి పని మెరుగుపడుతుందని అనుకోలేమని ఈ ప్రయోగం చూపించింది. సిబ్బందికి దాన్ని ఎలా వాడాలో శిక్షణ కావాలి. దేన్ని నమ్మాలో, దేన్ని ప్రశ్నించాలో తెలియాలి. అన్నిటికన్నా ముందు, ఇలా పరీక్షించి చూడాలి. ప్రజల ప్రాణాలతో ముడిపడిన చోట ‘డెమో బాగుంది’ అన్నది సరిపోదు.

చట్టం ఏమంటోంది? మనం ఏం అడగొచ్చు?

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో నోటిఫై చేశారు. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. మీ గొంతు, అందులో మీరు చెప్పిన పేరు, చిరునామా, ఫోన్ నంబరు అన్నీ వ్యక్తిగత డేటానే. అయితే సబ్సిడీలు, ప్రయోజనాలు, సేవలు అందించడానికి ప్రభుత్వం కొన్ని ప్రమాణాలకు లోబడి మీ సమ్మతి లేకుండానే డేటాను వాడుకోవచ్చు. వైద్యపరమైన అత్యవసర పరిస్థితులకూ ఇలాంటి వెసులుబాటు ఉంది. నా డేటా చూపించండి, తప్పుంటే దిద్దండి అని అడిగే హక్కులు ప్రధానంగా సమ్మతితో ఇచ్చిన డేటాకే వర్తిస్తాయి.

కాబట్టి ప్రభుత్వ హెల్ప్‌లైన్ విషయంలో ఎక్కువగా అక్కరకొచ్చేది సమాచార హక్కు చట్టమే. దరఖాస్తు చేస్తే సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. అందులో ఇవి అడగొచ్చు.

• కాల్స్‌ను యంత్రంతో అక్షరాల్లోకి మారుస్తున్నారా? రికార్డింగులను ఎన్నాళ్లు ఉంచుతున్నారు?

• గొంతును బట్టి ఫిర్యాదులకు ప్రాధాన్యం ఇస్తున్నారా? కోపం, ఆందోళన లాంటి స్కోర్లు వేస్తున్నారా?

• తెలుగు కాల్స్‌లో తప్పుల శాతం ఎంత? ఏయే జిల్లాల యాసలతో పరీక్షించారు?

• యంత్రం రాసిందాన్ని మూసివేత లోపు మనిషి చూస్తున్నారా?

ఫోన్ చేసేటప్పుడు ఏం చేస్తే మేలు?

స్పీకర్ ఫోన్ ఆపండి. టీవీ శబ్దం తగ్గించండి. అత్యవసరమైతే ముందు చోటు చెప్పండి, తర్వాత సంగతి చెప్పండి. సర్వీసు నంబరు, ఫోన్ నంబరు లాంటివి ఒక్కో అంకె విడివిడిగా పలకండి. మీరు చెప్పింది ఏమని రాసుకున్నారో ఒకసారి చదివి వినిపించమనండి. ఫిర్యాదు నంబరు తీసుకోకుండా ఫోన్ పెట్టకండి. ఆ తర్వాత ఎస్సెమ్మెస్ వస్తే అందులో మీ సమస్య సరిగా ఉందో లేదో చూసుకోండి. తప్పుంటే వెంటనే మళ్లీ ఫోన్ చేసి ఆ నంబరు చెప్పి దిద్దించండి.

మళ్లీ ఆ పెద్దావిడ కాల్ సంగతికి వద్దాం. ఆగి ఆగి మాట్లాడింది, దగ్గు వల్ల కొన్ని మాటలు వినపడలేదు, రాసిన వాక్యం మీద యంత్రానికి నమ్మకం తక్కువ. ఇవన్నీ నిజంగా కొలవగలిగినవే. ఈ కొలతలతో ‘ఆందోళన తక్కువ’ అని ముద్ర వేస్తే ఆమె ఫిర్యాదు వరుసలో కిందికి పోతుంది. అవే కొలతలతో ‘ఇక్కడ ట్రాన్‌స్క్రిప్ట్‌ను నమ్మలేం, మనిషి వినాలి’ అని గుర్తు పెడితే, ఒక ఉద్యోగి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ 20 సెకన్లు వింటారు. తెగిన వైరు దగ్గరికి లైన్‌మన్ బయలుదేరతాడు. రెండు ప్రోగ్రాముల్లోనూ లెక్కలు ఒకటే. తేడా అంతా ఆ లెక్కలతో ఎవరిని అనుమానిస్తున్నామన్న దాంట్లోనే ఉంది.